మన నీళ్ళు చేరే రేవులు

సముద్రయానం మాట వస్తే మన పరగోడు పక్క చాలామంది అది తమకు సంబంధించిన సంగతి కాదన్నట్టు తప్పుకుంటారు. బాగేపల్లి, చింతామణి, గుడిబండ, చేలూరు ఎటు చూసినా బండలు, గుట్టలు, చెరువులు, వెయ్యి అడుగుల బోర్లు. సముద్రం ఎక్కడో చెన్నైలో ఉంది, మంగళూరులో ఉంది. పిల్లలు సెలవుల్లో పట్టుబడితే ఒకసారి బీచికి తీసుకెళ్ళి, నాలుగు ఫోటోలు తీసుకుని వచ్చేస్తే ఆ ముచ్చట తీరిపోయిందనుకుంటారు. నాలుగు డబ్బులు చేతిలో ఆడుతున్న కుటుంబాలు ఈమధ్య క్రూయిజ్ ఓడల గురించి కూడా వాకబు చేస్తున్నాయి. కానీ ప్రకటనల్లో కనిపించేవి ఓడలోని ఈతకొలను, విందులు, ఆటపాటలు. ఓడ ఏ రేవులో ఆగుతుంది, అక్కడ దిగి ఏం చూడాలి అని అడిగేవారు తక్కువ.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది ఒక్కటే. అందరూ వెళ్తున్నారని పేరు మోగిన చోటికి పరుగెత్తకండి. మీ బతుకుతో ఏదో ఒక సంబంధం ఉన్న చిన్న చోటును ఎంచుకోండి, దానికి ఒక రోజంతా ఇవ్వండి. ఎంపిక మీదైతే చూపు కూడా మీదవుతుంది. ప్రయాణం మనిషిని పెంచుతుందని పెద్దలు అనేది ఇలాంటి ప్రయాణం గురించే.

మన సీమకు ఆ సంబంధం ఎప్పటినుంచో ఉంది. నంది కొండల చుట్టుపక్కల పుట్టిన నీళ్ళు ముఖ్యంగా మూడు దారుల్లో బంగాళాఖాతం చేరతాయి. ఆ మూడు దారుల చివర ఒకప్పుడు విదేశీ ఓడలు లంగరు వేసిన పాత రేవులున్నాయి. వాటి పేర్లు మన బడిపిల్లలకు తెలియవు. క్రూయిజ్ కంపెనీల జాబితాల్లోనూ అవి ఉండవు. మొదట అక్కడికి వెళ్దాం. ఓడ టికెట్టు సంగతి తర్వాత చూద్దాం.

పాత రేవులు ఎందుకు మరుగున పడ్డాయి

చూడబోయేదేమిటో ముందే తెలియకపోతే పాత రేవు ఉత్త ఇసుకదిబ్బలా కనిపిస్తుంది. కాబట్టి ఈ కాస్త చరిత్ర తెలుసుకుని బయల్దేరండి.

ఈ రేవులున్న కోరమాండల్ తీరమంతా పల్లంగా, ఇసుకగా ఉంటుంది. ఓడలు నిలబడడానికి సహజంగా ఏర్పడిన లోతైన కయ్యలు దాదాపు లేవు. అందుకే తెరచాప ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చినవి మసూలా పడవలు. వాటి పలకలను మేకులతో బిగించరు, కొబ్బరి తాడుతో కుట్టి కలుపుతారు. ఒడ్డున విరిగిపడే కెరటం తాకినప్పుడు ఆ కుట్లు కాస్త వదులిచ్చి పడవ పగలకుండా కాపాడతాయి. నది సముద్రంలో కలిసే చోట ఆ పడవలకు కాస్త నెమ్మదైన నీరు దొరికేది. నది వెంట లోపలి ఊళ్ళ నుంచి బట్ట, ధాన్యం, నీలిమందు దిగివచ్చేవి. అందుకే చాలా పాత రేవులు నదీముఖాలకు దగ్గరలో ఉన్నాయి.

తర్వాత ఆవిరి ఓడలు వచ్చాయి, వాటికి లోతు కావలసివచ్చింది. రైలుమార్గాలు సరుకును కొన్ని పట్టణాలకే మళ్ళించాయి. మద్రాసులో సముద్రంలోకి రాతికట్టలు కట్టి కృత్రిమ రేవు చేశారు. విశాఖపట్నం రేవు 1933లో మొదలైంది. నదులు తెచ్చిన ఇసుక చిన్న రేవుల ముఖాలను పూడ్చేసింది, తుపానులు మిగిలినదాన్ని తీసుకుపోయాయి. అలా వందల ఏళ్ళు వ్యాపారం నడిపిన ఊళ్ళు రెండు మూడు తరాల్లో చేపలు పట్టే పల్లెలయ్యాయి. ఈ నేపథ్యం తెలిసిన మనిషికి కూలిన గోడ, సమాధి రాయి, లైట్‌హౌస్, పూడిన కాలువ ఒకదానితో ఒకటి కలిసి అర్థమవుతాయి.

మొదటి దారి: పాలారు, సద్రాస్

పాలారు పుట్టుక చింతామణి పక్క తలగవార దగ్గర అని చెబుతారు. అక్కణ్ణుంచి కోలారు సీమ దాటి, కుప్పం పక్కగా నడిచి, తమిళనాడులో వాణియంబాడి, ఆంబూరు, వేలూరు మీదుగా పోతుంది. సుమారు 348 కిలోమీటర్ల నడకలో ఎక్కువ భాగం తమిళనాడులోనే. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపించినా వయలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది.

ఆ ముఖానికి ఉత్తరంగా, కల్పాక్కం పక్కన సద్రాస్ ఉంది. అసలు పేరు సదురంగపట్టణం. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వ్యాపారం పెట్టి, ఇటుకకోట కట్టారు. ఈ తీరపు సన్నబట్టలు ఇక్కడినుంచి ఓడలెక్కాయి. 1782 ఫిబ్రవరిలో ఈ ఊరి ఎదుటి సముద్రంలోనే సఫ్రెన్ నడిపిన ఫ్రెంచి ఓడలకూ, హ్యూస్ నడిపిన ఇంగ్లీషు ఓడలకూ యుద్ధం జరిగింది. ఇప్పుడు కోట లోపల గోదాముల గోడలు, చెక్కడాలున్న డచ్చి సమాధిరాళ్ళు మిగిలాయి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు ఇది. మహాబలిపురం వచ్చే వేలమందిలో కొద్దిమందే ఇంకొన్ని కిలోమీటర్లు దక్షిణానికి వచ్చి దీన్ని చూస్తారు.

మనకు దారి సులువే. చింతామణి స్టేషన్ నుంచి కోలారు మీదుగా బంగారపేట చేరే రైలుమార్గం ఉంది. బంగారపేట బెంగళూరు, చెన్నై ప్రధాన మార్గంలో జంక్షన్. రోడ్డు మీదైతే శ్రీనివాసపురం, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా పోవచ్చు. ముందురోజు రాత్రికి మహాబలిపురం చేరి, తెల్లవారగానే సద్రాస్ వెళ్ళి, ఎండ ముదిరేలోపు కోట చూసుకోండి. సాయంత్రం పాలారు ముఖం వైపు నడవండి. పక్కనే అణువిద్యుత్ కేంద్రం ఉంది కాబట్టి గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. కెమెరా ఎక్కడ తీయకూడదో బోర్డులు చెబుతాయి, వాటిని పాటించండి.

రెండో దారి: దక్షిణ పినాకిని, కడలూరు

దక్షిణ పినాకిని కూడా మన నంది కొండల బిడ్డే. హొసకోట పక్కగా దిగి, కృష్ణగిరి, సాత్తనూరు ఆనకట్టలు దాటి, తిరుక్కోయిలూరు మీదుగా నడిచి కడలూరు దగ్గర సముద్రం చేరుతుంది. అక్కడ దాన్ని తెన్‌పెణ్ణై అంటారు.

పుదుచ్చేరికి వెళ్ళే మనవాళ్ళు వేలల్లో ఉంటారు. అక్కణ్ణుంచి కాస్త దక్షిణాన ఉన్న కడలూరులో దిగేవాళ్ళు తక్కువ. ఇంగ్లీషు కంపెనీ 1690లో మరాఠాల దగ్గర ఈ తీరంలో ఒక కోట కొని దానికి సెయింట్ డేవిడ్ కోట అని పేరుపెట్టింది. 1746లో మద్రాసు ఫ్రెంచివారి చేతికి పోయినప్పుడు, కోరమాండల్ తీరంలో కంపెనీ పాలనకు ఈ కోటే రాజధాని అయింది. 1752 దాకా మద్రాసుకు కూడా ఇక్కడినుంచే ఉత్తరువులు పోయాయి. రాబర్ట్ క్లైవ్ 1756లో ఇక్కడ గవర్నరుగా ఉన్నాడు. 1758లో ఫ్రెంచి సేనాని లాలీ కోటను పట్టి కూలగొట్టించాడు. దేవనాంపట్టిణం దగ్గర దాని శిథిలాలున్నాయి.

కడలూరు చరిత్రను ఒక్క కోటలో చూసి ముగించకండి. పాత పట్టణం వీధుల్లో నడవండి. అక్కడి రైలు స్టేషన్ పేరు ఇప్పటికీ కడలూరు పోర్టు జంక్షన్. పడవలు ఆగే కయ్య గట్టున తెల్లవారుజామున నిలబడితే వేట ముగించుకుని వచ్చిన పడవలు, చేపల వేలం, ఐసు బండ్లు, వలలు బాగుచేసే మనుషులు కనిపిస్తారు. పెద్ద ఓడలు పోయాక కూడా రేవు ఎలా బతుకుతుందో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి బడి లేదు.

మూడో దారి: చిత్రావతి, పెన్న

ఈ దారి అచ్చంగా మనది. నంది కొండల పక్క పుట్టిన చిత్రావతి బాగేపల్లి దగ్గర పరగోడు ఆనకట్టను దాటి, ఆంధ్రలోకి దిగి, బుక్కపట్నం చెరువు, పుట్టపర్తి, ధర్మవరం పక్కలుగా పోతుంది. పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరులో నిలిచి, గండికోట దగ్గర పెన్నలో కలుస్తుంది. ఆ పెన్న కూడా మన జిల్లాలోనే చెన్నకేశవ కొండ మీద పుట్టింది. చేలూరు పక్కనుంచి పోయే పాపఘ్ని కమలాపురం దగ్గర అదే పెన్నలో కలుస్తుంది. పుష్పగిరి, సోమశిల, నెల్లూరు దాటి, పుట్టినచోటినుంచి 597 కిలోమీటర్లు నడిచి ఊటుకూరు దగ్గర పెన్న సముద్రం చేరుతుంది.

ఈ నీటి మీద రెండు రాష్ట్రాల మధ్య వాదాలు మనం చాలా విన్నాం. ఎగువ వాళ్ళం మనం, దిగువ వాళ్ళు వాళ్ళు అని మాట్లాడుకోవడం అలవాటైపోయింది. ఒక్కసారి ఈ నది వెంట చివరిదాకా పోయి రండి. గండికోట లోయ అంచున నిలబడి, పుష్పగిరిలో స్నానం చేసి, నెల్లూరులో రంగనాథస్వామి గుడి గట్టు మీద కూర్చుని, ఊటుకూరు తీరంలో ఆ నీళ్ళు ఉప్పులో కలవడం చూసిన మనిషి నీటి గురించి మాట్లాడే తీరు మారుతుంది. ఆనకట్ట దగ్గర పొదుపు గురించి, చెరువు పూడిక గురించి, పక్క ఊరి హక్కు గురించి మరింత బాధ్యతగా మాట్లాడతాడు. నాలుగు రోజులు చేతిలో ఉంటే చాలు. బాగేపల్లి నుంచి గోరంట్ల, కదిరి మీదుగా ఈ దారి పట్టవచ్చు. చింతామణి వాళ్ళు మదనపల్లె, పీలేరు, తిరుపతి మీదుగా నేరుగా నెల్లూరు చేరవచ్చు.

పెన్న ముఖానికి దక్షిణంగా రెండు రేవులు చూడవచ్చు. ఒకటి కృష్ణపట్నం. పాత రేవే అయినా 2008లో కొత్త ఓడరేవుగా మొదలైంది. లోపలికి సందర్శకులను మామూలుగా పోనివ్వరు. అయితే బయటి ఉప్పుకయ్యలు, ఉప్పుమడులు, దూరంగా నిలిచిన సరుకు ఓడలు చూడదగ్గవే. రెండోది ఇంకా దక్షిణాన, పులికాట్ సరస్సు వైపు ఉన్న దుగరాజపట్నం. ఇంగ్లీషువాళ్ళు దీన్ని ఆర్మగాన్ అనేవారు. 1626లో ఇక్కడ వ్యాపారస్థానం పెట్టి కోట కట్టుకున్నారు. ఇక్కడ పని చేసిన ఫ్రాన్సిస్ డేయే 1639లో మద్రాసు స్థలం సంపాదించాడు. ఆ మహానగరం కథకు ముందుపేజీ ఈ చిన్న పల్లె. ఇది తెలిసి ఆ ఇసుకలో నడిస్తే ఆ నడక వేరుగా ఉంటుంది.

ఈ తీరం వెంట బకింగ్‌హాం కాలువ కనిపిస్తుంది. 1876 నుంచి 1878 దాకా వచ్చిన ధాత కరువులో మన పల్లెలు కూడా మాడిపోయాయి. ఆ కరువు కాలంలోనే మద్రాసు దగ్గర ఈ కాలువ కొంత భాగాన్ని కరువుపని కింద కూలీలతో తవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. సముద్రంలోకి దిగకుండానే తీరం పొడవునా పడవల మీద సరుకు నడిచిన దారి అది. ఆ గట్టు మీద ఒక గంట కూర్చోండి.

ఇంకో నాలుగు తెలుగు రేవులు

ఈ మూడు దారులు పూర్తయ్యాక ఉత్తరానికి పోవాలనిపిస్తే వీటిని వరసగా చూడండి.

మోటుపల్లి బాపట్ల జిల్లాలో ఉంది. కాకతీయ గణపతిదేవుడు పదమూడో శతాబ్దంలో ఇక్కడ అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు ఓడ పగిలి తీరానికి కొట్టుకొచ్చిన సరుకంతా లాక్కునేవారు. తాను న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోనని ఈ రాజు విదేశీ వర్తకులకు రాతి మీద మాట ఇచ్చాడు. మార్కోపోలో రాసిన ముట్ఫిలి ఈ ఊరేనని చరిత్రకారులు గుర్తించారు. వ్యాపారం చేసే ప్రతి యువకుడూ చూడవలసిన రాయి అది. మాట మీద నిలబడితే సముద్రాల అవతలినుంచి కూడా మనుషులు వస్తారని అది చెబుతుంది.

బందరు అని కూడా పిలిచే మచిలీపట్నానికి డచ్చివారు పదిహేడో శతాబ్దం మొదట్లోనే వచ్చారు, ఇంగ్లీషువారు 1611లో వ్యాపారస్థానం పెట్టారు. కలంకారీ అద్దకం బట్ట ఇక్కడినుంచే లోకం చూసింది. 1864 నవంబరు 1 ఉప్పెనలో సుమారు 30 వేలమంది చనిపోయారు. బందరుకోటలో డచ్చి సమాధులున్నాయి.

కోరంగి కాకినాడ, యానాం దారిలో ఉంది. ఓడలు కట్టిన ఊరు, బర్మాకు వలసపోయిన వేలమంది తెలుగువాళ్ళు ఓడెక్కిన ఊరు. 1839 నవంబరు ఉప్పెన దాన్ని ఊడ్చేసింది. ఇప్పుడు అక్కడి మడ అడవుల్లో చెక్కదారి మీద నడవవచ్చు. ఉప్పెన వేగాన్ని మడచెట్లు ఎలా విరుస్తాయో కళ్ళారా చూడవచ్చు.

భీమునిపట్నం విశాఖకు ఉత్తరాన, గోస్తనీ నది ముఖంలో ఉంది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. డచ్చి సమాధులు, లైట్‌హౌస్, గంటస్తంభం అన్నీ నడిచే దూరంలోనే ఉన్నాయి. పిల్లలతో వెళ్ళేవారికి నాలుగింటిలోనూ ఇదే అనువైనది.

ఓడ ఎక్కాలనుకునేవారికి

క్రూయిజ్ మీద కోరిక ఉండడం తప్పు కాదు. మనకు దగ్గరలో పెద్ద ఓడ బయల్దేరే రేవు చెన్నై. 2022 జూన్‌లో అక్కణ్ణుంచి క్రూయిజ్ ప్రయాణాలు మొదలయ్యాయి. విశాఖపట్నంలో 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. 2023 జూన్ 5న చెన్నై నుంచి శ్రీలంకకు మొదటి క్రూయిజ్ ఓడ పోయింది. అది ఆగిన మూడు రేవులూ మనవాళ్ళు అంతగా ఎరగనివే. హంబన్‌తోట దక్షిణాన ఉప్పుమడుల పక్క ఊరు. త్రికోణమలై లోకంలోని లోతైన సహజ రేవుల్లో ఒకటి, కోణేశ్వరం గుడి కొండ అంచున సముద్రం మీదికి ఉంటుంది. కాంకేసంతురై యాఫ్నాకు ద్వారం. ఖర్చు తగ్గాలంటే నాగపట్టణం నుంచి కాంకేసంతురైకి 2023 అక్టోబరులో మొదలైన ప్రయాణికుల పడవ ఉంది. అది వాతావరణాన్ని బట్టి మధ్యమధ్య ఆగుతుంటుంది కాబట్టి ముందుగా కనుక్కుని బయల్దేరాలి.

టికెట్టు కొనేముందు ఏజెంటును ఈ ఆరు ప్రశ్నలు అడగండి. జవాబులు కాగితం మీద రాయించుకోండి.

1. ఈ ప్రయాణంలో ఓడ అసలు ఏదైనా రేవులో ఆగుతుందా? కొన్ని చిన్న ప్రయాణాలు నడిసముద్రం దాకా పోయి తిరిగి వచ్చేస్తాయి.

2. రేవులో ఎన్ని గంటలు? ప్రకటించిన సమయంలోంచి దిగే వరస, తిరిగి ఎక్కే వరస తీసేసి లెక్క వేసుకోండి.

3. ఓడ గట్టుకు ఆనుకుంటుందా, దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో దింపుతుందా? మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలకు ఈ జవాబు చాలా ముఖ్యం.

4. రేవు నుంచి ఊరు ఎంత దూరం? ఆటో, బస్సు దొరుకుతాయా?

5. రేవు రుసుము, పన్నులు, సేవా రుసుము చెప్పిన ధరలో చేరాయా, వేరుగా కట్టాలా?

6. ఏ కాగితాలు కావాలి? దేశం దాటితే పాస్‌పోర్టు తప్పనిసరి. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనే వారంలోనే సరిచూసుకోండి.

ఇంకొక్క మాట. మీ అంతట మీరు ఊరు చూడడానికి పోయి ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగదు. ఓడవాళ్ళు ఏర్పాటు చేసిన బస్సులో పోతే మామూలుగా ఆగుతుంది. అందుకే కొత్త రేవులో ఓడ బయల్దేరే సమయానికి కనీసం రెండు గంటల ముందే గట్టుకు చేరేలా చూసుకోండి.

రేవును చూసే అలవాట్లు

రేవు చిన్నదైనకొద్దీ చూసేవాడి పని పెద్దదవుతుంది. అక్కడ గైడు ఉండడు, బోర్డు ఉండకపోవచ్చు, టికెట్టు కౌంటరు అసలే ఉండదు. ఈ అలవాట్లు మీకు తోడుగా ఉంటాయి.

ఒక కథ తెలుసుకుని వెళ్ళండి. పది కథలు అక్కర్లేదు. సద్రాస్ అయితే 1782 యుద్ధం, మోటుపల్లి అయితే అభయశాసనం. ఒక్క కథ గట్టిగా తెలిస్తే ప్రతి రాయీ దానికి ఏదో ఒకటి చేరుస్తుంది. బయల్దేరే ముందు రాత్రి ఆ కథను ఇంట్లో పిల్లలకు మీ నోటితోనే చెప్పండి.

తెల్లవారేసరికి గట్టు మీద ఉండండి. రేవు బతికేది ఉదయమే. పడవలు వచ్చే వేళ, వేలం జరిగే వేళ, వలలు దులిపే వేళ అన్నీ ఎండ ఎక్కకముందే ముగుస్తాయి. పదింటికి చేరినవాడికి ఖాళీ ఒడ్డే మిగులుతుంది.

పని చేసేవాళ్ళను మర్యాదగా పలకరించండి. "అన్నా, ఈరోజు వేట ఎట్లుంది?" అన్న ఒక్క మాట చాలు. వాళ్ళు వేలంలో ఉంటే ఆగండి. అడగకుండా ఫోటో తీయకండి, ఎండబెట్టిన వలల మీద, చేపల మీద కాలు పెట్టకండి. మీ పొలంలో, మీ టమోటా మండీలో ఎవరైనా కొత్తవాళ్ళు ఎలా మెలగాలని మీరు కోరుకుంటారో అలా మెలగండి.

ఒకే చోటికి రెండుసార్లు వెళ్ళండి. పోటు సమయంలో చూసిన నదీముఖాన్ని ఆటు సమయంలో మళ్ళీ చూడండి. పోటులో నీళ్ళున్నచోట ఇసుక తేలి ఉంటుంది. ఓడలు ఈ తీరానికి ఎందుకు దూరంగా నిలిచేవో పుస్తకం కంటే బాగా ఆ ఇసుకమేట చెబుతుంది.

డబ్బు ఆ ఊళ్ళోనే ఖర్చు పెట్టండి. భోజనం, టీ, ఆటో, పడవ అన్నీ అక్కడివాళ్ళవే అయితే మీ రాక వాళ్ళకూ మేలు. బందరులో అద్దకం బట్ట కొనేటప్పుడు చేత్తో అద్దినదా, యంత్రం మీద ముద్రించినదా అని అడిగి, చేతిపనికి తగిన ధర ఇవ్వండి.

తిరిగి వచ్చిన వారంలోగా ఒక పేజీ రాయండి. చూసింది, విన్నది, అర్థం కానిది అన్నీ రాయండి. రాయడం కష్టమైతే మీ ఊరి బడికి వెళ్ళి పిల్లలకు అరగంట చెప్పండి. పంచుకున్న ప్రయాణమే మనిషిలో నిలుస్తుంది.

కాలం, జాగ్రత్త

ఈ తీరానికి జనవరి నుంచి మార్చి మొదలు దాకా మంచి కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాలు, తుపానులు. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. పత్రికల్లో మూడో నంబరు ఎగరేశారని చదివితే ప్రయాణం వాయిదా వేసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలు చేపలు గుడ్లు పెట్టే కాలం, రేవులు నెమ్మదిగా ఉంటాయి. వేలం సందడి చూడాలనుకుంటే అప్పుడు పోకండి. వలలు, పడవలు బాగుచేసే పని చూడాలంటే అదే సరైన సమయం.

మన పిల్లలు చెరువుల్లో, బావుల్లో ఈత నేర్చినవాళ్ళు. ఆ ధైర్యం సముద్రంలో పనికిరాదు. నదీముఖం దగ్గర అడుగు ఇసుక కదులుతుంటుంది, లోపలికి లాగే ప్రవాహం పైకి కనిపించదు. అక్కడ మోకాలి లోతు దాటి ఎవరినీ దిగనివ్వకండి. ఎంత ఈత వచ్చినా ఇది మీ ఇంటి నియమంగా పెట్టుకోండి. తలకు తువ్వాలు, తాగడానికి సరిపడా నీళ్ళు, పెద్దవాళ్ళ మందులు చేతిసంచిలో ఉండాలి.

ఈ నెలలో చేయవలసినవి

ఒక ఆదివారం పరగోడు ఆనకట్ట దగ్గరికి ఇంటిల్లిపాదీ వెళ్ళండి. ఇక్కడి నీళ్ళు ఏయే ఊళ్ళు దాటి ఎక్కడ సముద్రం చేరతాయో పిల్లల చేత పటం గీయించండి. చింతామణి వాళ్ళు పాలారుతో, నంది వైపు వాళ్ళు దక్షిణ పినాకినితో అదే పని చేయండి. మూడు దారుల్లో ఒకదాన్ని ఎంచుకుని తేదీ వేసుకోండి. ఆ రేవు గురించి ఒక్క కథ తెలుసుకోండి. ప్రయాణానికి ఎంత అవుతుందో లెక్క రాసి, నెలనెలా కొంత పక్కన పెట్టండి. విమానాలూ పెద్ద హోటళ్ళూ అక్కర్లేని ప్రయాణం కాబట్టి బస్సు, రైలు, మామూలు లాడ్జి ఖర్చుతో సాధారణ రైతు కుటుంబానికి కూడా ఇది అందుతుంది.

వచ్చే జనవరిలోగా ఒక్క చిన్న రేవుకైనా వెళ్ళి రండి. పాతికేళ్ళ పిల్లలున్నవారు వాళ్ళనే దారి చూపమనండి, ముసలి తల్లిదండ్రులున్నవారు వాళ్ళను వెంట తీసుకెళ్ళండి. మెట్ట సీమలో పుట్టినంత మాత్రాన సముద్రం మనకు పరాయిది కాదు. మన చిత్రావతి ఎన్నో ఏళ్ళుగా అక్కడికి పోతూనే ఉంది, ఇక మీరూ బయల్దేరండి.